కడప నుంచి హైదరాబాద్ ఎంత దూరం? ఏ దూరం అడుగుతున్నారో ముందు చెప్పండి

కడపలో నిలబడి హైదరాబాద్ ఎంత దూరమని నలుగుర్ని అడిగితే నాలుగు లెక్కలు వస్తాయి. కారు తోలే డ్రైవర్ నాలుగు వందల పైచిలుకు అంటాడు, ఆయన మీటర్లో తిరిగేది అంతే, బాడుగ లెక్కేసేదీ దానికే. రైల్లో పోయేవాళ్ళు అసలు కిలోమీటర్లే చెప్పరు, రాత్రి ఎక్కితే పొద్దున దిగుతామంటారు. అట్లాసులో స్కేలు పెట్టి కొలిచిన పిల్లోడు మూడు వందల పాతిక అంటాడు. విమానంలో పోయొచ్చినవాళ్ళు గంట అంటారు, గట్టిగా అడిగితే వెబ్‌సైట్‌లో 305 అని ఉందని చూపిస్తారు. నలుగురిలో ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. ఒక్కొక్కరు కొలిచిన వస్తువు వేరు, అంతే. ఈ తేడా అర్థం కానంతవరకు గూగుల్‌లో కనపడే ప్రతి నంబరూ తప్పుగానే అనిపిస్తుంది.

ముందు తేలికైనది చూద్దాం. రెండు ఊళ్ళ మధ్య తిన్నగా గీత గీస్తే ఎంత? దీనికి పెద్ద లెక్కల మాస్టారు అక్కర్లేదు, ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు. అనంతపురం, బెంగళూరు తీసుకుంటే ఇంకా సులువు, ఎందుకంటే రెండూ దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి. అనంతపురం 77.60 డిగ్రీలు, బెంగళూరు 77.59. అంటే అనంతపురం నుంచి నేరుగా దక్షిణానికి దిగితే బెంగళూరే. అక్షాంశాలు చూస్తే ఒకటి 14.68, ఇంకోటి 12.97, తేడా 1.71. మన ప్రాంతంలో ఒక డిగ్రీ అక్షాంశం అంటే సుమారు 110.6 కిలోమీటర్లు. గుణిస్తే 189. అయిపోయింది. రోడ్డు మీద ఇదే దూరం 215 దాకా వస్తుంది, అంటే రోడ్డు తీసుకునే అదనం పెద్దగా ఏం లేదు, ఎన్‌హెచ్ 44 అక్కడ చాలావరకు చెప్పినట్టే తిన్నగా పోతుంది.

తూర్పు పడమరల తేడా కూడా ఉంటే కొంచెం పని పెరుగుతుంది. రేఖాంశాలన్నీ ధ్రువాల దగ్గర కలిసిపోతాయి కాబట్టి, భూమధ్యరేఖ దగ్గర 111.3 కిలోమీటర్లుండే ఒక డిగ్రీ రేఖాంశం ఉత్తరానికి పోయేకొద్దీ కుంచించుకుపోతుంది. ఎంత కుంచించుకుపోతుందో తెలియడానికి ఆ అక్షాంశం కొసైన్‌తో గుణించాలి, కడపకీ హైదరాబాద్‌కీ మధ్యలో అది సుమారు 107 కిలోమీటర్లు. ఇప్పుడు కడప విమానాశ్రయం 14.51, 78.77. శంషాబాద్ 17.24, 78.43. ఉత్తర దక్షిణాల తేడా 2.73 డిగ్రీలు, అంటే 302 కిలోమీటర్లు. తూర్పు పడమరల తేడా 0.34, అంటే 36. ఇక ఎనిమిదో తరగతిలో చదివిన పైథాగరస్: 302 వర్గం, 36 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 304. వెబ్‌సైట్‌లో చూపించే 305 ఎక్కడి నుంచి వచ్చిందో అదే. అట్లాసు పిల్లోడికి 325 ఎందుకొచ్చిందంటే వాడు కడప ఊరి మధ్య నుంచి హైదరాబాద్ ఊరి మధ్యకి కొలిచాడు. శంషాబాద్ నగరానికి దక్షిణాన ఉంది, కడప విమానాశ్రయం ఊరికి ఉత్తరపు వైపుంది, రెండూ ఒకదానివైపు ఒకటి జరిగాయి కాబట్టి ఇరవై కిలోమీటర్లు తగ్గింది. ఆ ఇరవై కిలోమీటర్లు ఎక్కడికీ పోలేదు, దిగాక క్యాబ్‌వాడికి కట్టే డబ్బుల్లో కనపడతాయి.

ఇందులో జనం పడే గోతులు రెండు మూడున్నాయి. మొదటిది నిమిషాల గోల. పాత పుస్తకాల్లో 14 డిగ్రీల 30 నిమిషాలు అని రాస్తారు, దాన్ని చూసి 14.30 అని కొడితే పని చెడినట్టే, డిగ్రీకి అరవై నిమిషాలు కాబట్టి అది 14.50 కావాలి. తేడా 0.2 డిగ్రీలే కదా అనిపిస్తుంది గానీ నేల మీద అది 22 కిలోమీటర్లు. రెండోది పేర్ల గోల. హైదరాబాద్ అని కొడితే కొన్ని సైట్లు ముందు పాకిస్తాన్‌లోని సింధ్ హైదరాబాద్‌ని పట్టుకుంటాయి, అప్పుడు కడప నుంచి 1,630 కిలోమీటర్లని వస్తుంది, చూసినవాళ్ళకి గుండె గుభేలుమంటుంది. కడపకేమో పాత ఇంగ్లీషు స్పెల్లింగ్ ఒకటి, కొత్తది ఒకటి. ఈ గొడవేం లేకుండా విమానాశ్రయాల మూడక్షరాల కోడ్ కొట్టడం మేలు: కడపకి సీడీపీ, కర్నూలుకి కేజేబీ, శంషాబాద్‌కి హెచ్‌వైడీ.

గుణించేస్తున్నాం సరే, డిగ్రీకి ఇన్ని కిలోమీటర్లని మొదట ఎవరు కొలిచారు? ఈ దేశంలో ఆ పనిలో మన అనంతపురం జిల్లాకీ చోటుంది, అది జిల్లాలోనే చాలామందికి తెలియదు. విలియం లాంబ్టన్ అనే బ్రిటిష్ సైనికాధికారి 1802లో మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఒక బేస్‌లైన్ కొలిచి భారతదేశపు మహా త్రికోణమితి సర్వే మొదలుపెట్టాడు. తర్వాత 78 డిగ్రీల రేఖాంశం పక్కగా కన్యాకుమారి వైపు నుంచి ఉత్తరానికి త్రిభుజాలు అల్లుకుంటూ వచ్చారు. ఆ వరసలో లెక్క సరిచూసుకోవడానికి మళ్ళీ మళ్ళీ బేస్‌లైన్లు కొలిచారు, వాటిలో ఒకటి గుత్తి దగ్గర. పద్ధతి ఏమిటంటే, ఒక భుజాన్ని మాత్రం నేల మీద గొలుసు పెట్టి ఒళ్ళు దగ్గర పెట్టుకుని కొలవాలి. మిగతా అంతా దూరంగా కనపడే కొండలకి, కోట బురుజులకి గురిపెట్టి కోణాలు తీసుకోవడమే, ఒక భుజం రెండు కోణాలు తెలిస్తే మిగతా రెండు భుజాలు కాగితం మీదే వస్తాయి. గొలుసు వంద అడుగుల ఉక్కు గొలుసు. ఎండకి ఉక్కు సాగుతుంది కదా, అందుకని దాన్ని చెక్క పెట్టెల్లో పరిచి, పక్కన థర్మామీటర్లు పెట్టి, వేడిని బట్టి పొడవు సరిచేసుకునేవాళ్ళు. గుత్తి ఎండ తెలిసినవాళ్ళకి ఆ థర్మామీటర్ ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. రెండు వందల ఏళ్ళ కిందట ఆ చెక్క పెట్టెల పక్కన నిలబడి పడిన కష్టం ఇప్పుడు ఫోన్‌లో రెండు వేళ్ళతో అయిపోతోంది.

అంతకు ముందు మన జనం ఆమడ, కోసు అనేవాళ్ళు. కోసు అంటే సుమారు రెండు మైళ్ళు, ఆమడ అంటే ఎనిమిది మైళ్ళో పదో, ఊరిని బట్టి మారేది. ఇది వెనకబాటు అనుకోవాల్సిన పని లేదు. ఎద్దుల బండి మీద పోయేవాడికి కావలసింది మీటర్ల లెక్క కాదు, పొద్దుగూకే లోపల చేరతామా లేదా అన్నది. రైలువాళ్ళు ఇప్పటికీ రాత్రి ఎక్కితే పొద్దున దిగుతాం అంటున్నారంటే ఆ అలవాటే.

ఇప్పుడు నేల మీద దూరం. తిన్నని గీతకి రోడ్డు ఎంత ఎక్కువన్నది ప్రాంతాన్ని బట్టి మారుతుంది, ఇందులో రాయలసీమంత మంచి ఉదాహరణ దొరకడం కష్టం. అనంతపురం నుంచి బెంగళూరుకి రోడ్డు గీత కంటే ఏడో వంతు ఎక్కువ, పెనుకొండ దాటి, కొడికొండ చెక్‌పోస్ట్, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం అలా దిగిపోవడమే. అదే కర్నూలు నుంచి శ్రీశైలం చూడండి. తిన్నగా గీత గీస్తే 93 కిలోమీటర్లు. బస్సెక్కితే నందికొట్కూరు, ఆత్మకూరు, దోర్నాల తిరిగి 180. రెట్టింపుకి కాస్త తక్కువ. మధ్యలో నల్లమల, పక్కన కృష్ణ, ఆపైన శ్రీశైలం జలాశయం, దేన్నీ తిన్నగా దాటేది లేదు. దోర్నాల దాకా తూర్పుకి పోయి, అక్కడ వెనక్కి తిరిగి ఘాట్ ఎక్కాలి. శివరాత్రికి కాలినడకన పోయేవాళ్ళు ఆత్మకూరు దగ్గర రోడ్డు వదిలేసి అడవిలో పడతారు, నడిచేవాడు కోరుకునేది ఆ 93కి దగ్గరగా ఉండే దారి, బస్సు అలా పోలేదు. రోడ్డు దూరం తిన్న దూరానికి ఒకటింపావు రెట్లు ఉంటుందని కొందరు ఒక ఉజ్జాయింపు లెక్క చెబుతుంటారు, మైదానాల్లో అది బాగానే పనిచేస్తుంది, కొండల్లో దాన్ని నమ్ముకుంటే పెట్రోల్ అయిపోతుంది.

రైలైతే ఇంకా విచిత్రం. వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ కడప నుంచి హైదరాబాద్‌కి బయల్దేరి ఎర్రగుంట్ల, తాడిపత్రి మీదుగా గుత్తి పోతుంది. గుత్తి కడపకి వాయవ్యంలో ఉంది, పడమర దిక్కుకి లెక్కేస్తేనే దాదాపు 130 కిలోమీటర్లు. హైదరాబాదేమో కడపకి దాదాపు నేరుగా ఉత్తరాన. అంటే రైలు ముందు అవసరం లేని వైపుకి 130 కిలోమీటర్లు పోయి, అక్కడి నుంచి డోన్, కర్నూలు మీదుగా వెనక్కి తూర్పుకి జరుగుతూ పైకి వస్తుంది. తప్పు రైలుది కాదు, ఆ పట్టాలు వేసింది కడపవాళ్ళని హైదరాబాద్ చేర్చడానికి కాదు, బొంబాయినీ మద్రాసునీ కలపడానికి. దారిలో ఉన్నాం కాబట్టి మనకీ స్టేషన్ దొరికింది.

మూడు నాలుగు వందల కిలోమీటర్లకి పైథాగరస్ సరిపోయింది. వేల కిలోమీటర్లకి సరిపోదు, అక్కడ భూమి గుండ్రం అన్న సంగతి అడ్డమొస్తుంది. పాత కడప జిల్లాలో, ముఖ్యంగా రాయచోటి, రాజంపేట, కోడూరు వైపు ఇంటికొకరు కువైట్‌లో ఉంటారంటే పెద్ద అతిశయోక్తి కాదు కాబట్టి కువైట్‌నే తీసుకుందాం. గుండ్రటి భూమి మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారిని మహావృత్తం అంటారు. ఇంట్లో గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని కడప దగ్గర ఒక కొస, కువైట్ దగ్గర ఇంకో కొస పెట్టి బిగలాగండి, ఆ దారం పడే చోటే మహావృత్తం. ఆ లెక్కన కడప నుంచి కువైట్ 3,560 కిలోమీటర్లు, శంషాబాద్ నుంచి 3,370, చెన్నై నుంచి 3,780. చెన్నై కడపకి దగ్గరే, 260 కిలోమీటర్ల రోడ్డు, హైదరాబాద్ కంటే రెండు మూడు గంటలు ముందే చేరొచ్చు. కానీ కువైట్ వాయవ్యంలో ఉంది, చెన్నై ఆగ్నేయంలో, అంటే విమానం ఎక్కడానికే వెనక్కి పోతున్నట్టు లెక్క. గాల్లో నాలుగు వందల కిలోమీటర్లు ఎక్కువ, కానీ గాల్లో నాలుగు వందలంటే అరగంట, రోడ్డు మీద నూట యాభై తగ్గితే మూడు గంటలు. అందుకే కోడూరు నుంచి పోయేవాళ్ళు చెన్నైకే పోతారు, వాళ్ళకి ఈ మహావృత్తాల పేరు తెలియకపోయినా లెక్క మాత్రం తెలుసు.

దారం ఆట అసలు మజా అమెరికాకి పెడితే తెలుస్తుంది. హైదరాబాద్ నుంచి షికాగోకి గోడ మీది మ్యాపులో చూస్తే యూరప్ మీదుగా, అట్లాంటిక్ దాటి పడమరకి పోవాలనిపిస్తుంది. దారం పెడితే అది ఉత్తరానికి ఎక్కేసి, ఆర్కిటిక్ మీదుగా పోయి, కెనడా మీదుగా కిందికి దిగుతుంది, 13,280 కిలోమీటర్లు. బెంగళూరు, శాన్‌ఫ్రాన్సిస్కోల మధ్య 13,990. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా మహిళా పైలట్లు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఉత్తర ధ్రువం మీదుగా తెచ్చిన విమానం తీసుకున్న సమయం సుమారు పదిహేడు గంటలు. భాగిస్తే గంటకి 820 పైన, జెట్ విమానానికి అది మామూలు వేగమే. చదునుగా పరిచిన మ్యాపు ధ్రువాల దగ్గర నేలని సాగదీస్తుంది కాబట్టి మనకి ఆ దారి పిచ్చి వంకరలా కనపడుతుంది, వంకర కాగితంలో ఉంది.

కొందరికి ఇంకో అనుమానం, విమానం పదికిలోమీటర్ల ఎత్తులో పోతుంది కదా, పైన వృత్తం పెద్దది కదా, దూరం పెరగదా అని. పెరుగుతుంది. భూమి సగటు వ్యాసార్థం 6,371 కిలోమీటర్లు, దానికి పది కలిపితే వెయ్యికి ఒకటిన్నర కిలోమీటర్లు. షికాగో దాకా పోయినా ఇరవై ఒక్క కిలోమీటర్లు మించదు, ఒకటిన్నర నిమిషం. శంషాబాద్ మీద రన్‌వే ఖాళీ కోసం ఒక్క చుట్టు తిరిగితే దానికంటే ఎక్కువ పోతుంది.

ఇక సమయం. ఇక్కడే అసలు తికమక, ఎందుకంటే దూరానికి ఒక రకం గీత అని ఒప్పుకున్నా సమయానికి అలాంటి ఒప్పందం ఏదీ జనానికి తెలియదు. కడపలాంటి చోట్లకి ఎక్కువగా వచ్చేది ఏటీఆర్ 72, రెక్కల మీద పంకాలు తిరిగే విమానం. బాగా పోతే గంటకి 510 కిలోమీటర్లు. ఎయిర్‌బస్ ఎ320 అయితే 830 దాకా. మరి 305 కిలోమీటర్లకి ఏటీఆర్‌కి 36 నిమిషాలు కావాలి కదా, టికెట్ మీద గంట పైన ఎందుకు వేస్తారు? ఎందుకంటే విమానం ఆ వేగాన్ని దారి మధ్యలోనే అందుకుంటుంది. మొదట ఎక్కడం ఉంది, చివర దిగడం ఉంది, అప్పుడు వేగం సగమే. దిగేటప్పుడు రన్‌వే ఏ దిక్కుకుంటే ఆ దిక్కుకి తిరిగి రావాలి, గాలి ఎదురుగా ఉండే కొసనుంచి దిగాలి కాబట్టి ఒక్కోరోజు ఊరు దాటి పోయి వెనక్కి రావాల్సి వస్తుంది. వీటన్నిటికీ మించి, టికెట్ మీద వేసే సమయం గాల్లో ఉండే సమయం కాదు. బయల్దేరేచోట చక్రాల కింది అడ్డుకట్టెలు తీసిన క్షణం నుంచి చేరినచోట మళ్ళీ అవి పెట్టే క్షణం దాకా లెక్క, దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా మెల్లగా దొర్లుకుంటూ పోవడం, మన వంతు కోసం ఆగడం, దిగాక మళ్ళీ దొర్లడం అన్నీ అందులోనే. కడపలో ఆ దొర్లుడు మూడు నాలుగు నిమిషాలు, ఖాళీ విమానాశ్రయం కదా. పెద్ద చోట పావుగంట.

ఉజ్జాయింపు లెక్క కావాలంటే, జెట్ అయితే దూరాన్ని 800తో భాగించి అరగంట కలపండి. ఏటీఆర్ అయితే 500తో భాగించి పాతిక నిమిషాలు కలపండి. కర్నూలు విమానాశ్రయం ఉన్న ఓర్వకల్లు నుంచి విశాఖ 583 కిలోమీటర్లు, భాగిస్తే 70 నిమిషాలు, పాతిక కలిపితే 95. విమానసంస్థలు దీని మీద ఇంకో ఐదో పదో వేసుకుంటాయి. ఇందులో కొంచెం గడుసుతనం కూడా ఉంది: వేసిన టైమ్‌కి పదిహేను నిమిషాల లోపల వస్తే వేళకి వచ్చినట్టే లెక్క, కాబట్టి షెడ్యూల్‌లో ముందే కాస్త వెసులుబాటు పెట్టుకుంటే బయల్దేరడం ఆలస్యమైనా చేరేది మాత్రం వేళకే. "మనం అనుకున్న సమయం కంటే పది నిమిషాలు ముందే దిగాం" అని మైకులో చెప్పినప్పుడు చప్పట్లు కొట్టేముందు ఇది గుర్తు చేసుకోవాలి.

గాలి సంగతి చెప్పకుండా దూరప్రయాణాల సమయం గురించి మాట్లాడలేం. పైన, ముఖ్యంగా చలికాలంలో, గాలి పడమర నుంచి తూర్పుకి బలంగా వీస్తుంది. హైదరాబాద్ నుంచి కువైట్ 3,370 కిలోమీటర్లు, విమానం వేగం 850 అనుకుంటే గాలి లేనప్పుడు నాలుగు గంటలు. సగటున 50 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే నేలతో పోల్చి వేగం 800కి పడిపోతుంది, 4 గంటల 13 నిమిషాలు. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి వెనకనుంచి తోస్తే 900, మూడు గంటల నలభై ఐదు. అదే దారి, అదే విమానం, అరగంట తేడా. భూమి తిరుగుతోంది కాబట్టి ఊరే ఎదురొస్తుందనో దూరం జరుగుతుందనో కొందరు వివరిస్తుంటారు. అది నిజం కాదు, భూమితో పాటు గాలీ తిరుగుతోంది, ఆ గాల్లో ఉన్న విమానమూ తిరుగుతోంది. లేకపోతే కడపలో హెలికాప్టర్ ఎక్కి గాల్లో ఆగిపోతే ఇరవై నాలుగు గంటల్లో ప్రపంచమంతా కింద తిరిగి రావాలి, పెట్రోల్ ఖర్చు ఎంత కలిసొచ్చేది!

దారులు మూతపడటం ఇంకోటి. 2025 ఏప్రిల్ చివర్లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానసంస్థలకి మూసేసింది, దాంతో ఢిల్లీ నుంచి యూరప్ పోయే మన విమానాలు చుట్టు తిరిగి పోవాల్సి వచ్చింది. రెండు నగరాల మధ్య మహావృత్తం ఒక్క కిలోమీటర్ కూడా మారలేదు, ప్రయాణం మాత్రం పెరిగింది.

కువైట్ టికెట్ ఒకటి చేతిలోకి తీసుకుని చూస్తే మిగతా తికమక తేలుతుంది. ఉదాహరణకి హైదరాబాద్‌లో రాత్రి 10:00కి బయల్దేరుతుందని, కువైట్‌లో 12:15కి చేరుతుందని రాసి ఉందనుకోండి. రెండుంపావు గంటలే అని ఇంట్లో ముసలమ్మకి చెప్పి పంపిస్తారు, ఆమె ఒంటిగంట నుంచి ఫోన్ కోసం కూర్చుంటుంది. టికెట్ మీద ప్రతి సమయం ఆయా ఊరి గడియారం ప్రకారం వేస్తారు. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. ప్రయాణం నాలుగుంముప్పావు గంటలు, మన గడియారంలో దిగేది రాత్రి 2:45కి. తిరుగు టికెట్ చూస్తే తలకిందులు: అక్కడ రాత్రి 1:30కి బయల్దేరితే ఇక్కడ ఉదయం 8:20 అని ఉంటుంది, దాదాపు ఏడు గంటల ప్రయాణమా అనిపిస్తుంది, నిజానికి 4 గంటల 20 నిమిషాలే. ఇంకో చిక్కు తేదీ. పోయేటప్పుడు 12:15 అంటే అప్పటికే మర్నాడు. అక్కడ ఎయిర్‌పోర్ట్‌కి రావాల్సిన బావమరిదికి ఎక్కిన తేదీ చెబితే ఆయన ఒక రోజు ముందే వచ్చి నిలబడతాడు. ఇవన్నీ తప్పించుకోవడానికి ఒకటే పద్ధతి, రెండు సమయాల్నీ మన గడియారంలోకి మార్చుకుని అప్పుడు తీసివేయడం.

ఈ దూరం, సమయం గొడవ ఊరికే కబుర్లకి పనికొచ్చేది కాదు, ప్రభుత్వం టికెట్ ధర కట్టేటప్పుడు కూడా ఇదే ప్రశ్న వచ్చింది. 2016లో చిన్న ఊళ్ళకి విమానాలు నడపడానికి ఉడాన్ పథకం పెట్టినప్పుడు సుమారు 500 కిలోమీటర్లు లేదా గంట ప్రయాణానికి, కొన్ని సీట్ల మీద, 2,500 రూపాయలని పరిమితి పెట్టారు. 2017 ఏప్రిల్ 27న ప్రధాని సిమ్లాలో మొదటి ఉడాన్ విమానాన్ని ప్రారంభిస్తూ అక్కడి నుంచే కడప–హైదరాబాద్, నాందేడ్–హైదరాబాద్ సర్వీసులు కూడా మొదలుపెట్టించారు. అక్కడ ధరకి మూలం దూరం, అదీ రోడ్డు దూరం కాదు. 2020 మేలో లాక్‌డౌన్ తర్వాత విమానాలు మళ్ళీ తిరగడం మొదలైనప్పుడు ధరలకి హద్దులు పెట్టారు చూడండి, అప్పుడు దూరం వదిలేసి నిమిషాలు పట్టుకున్నారు. 40 నిమిషాల లోపు ఒక తరగతి, 40 నుంచి గంట దాకా ఇంకోటి, అలా ఏడు. అదే దూరానికి ఏటీఆర్ జెట్ కంటే ఎక్కువ నిమిషాలు తీసుకుంటుంది కాబట్టి నిమిషాలతో ధర కడితే మెల్లగా పోయే విమానం పై తరగతిలో పడే అవకాశం ఉంటుంది. దూరంతో కట్టడమే న్యాయమనిపిస్తుంది, విమానం తాబేలైనా కుందేలైనా ఊళ్ళు ఉన్నచోటే ఉంటాయి కదా.

ప్రయాణం చేసేవాడికి మాత్రం ఇంటి గడప నుంచి అవతలి గడప దాకా పట్టేదే లెక్క. కడప నుంచి హైదరాబాద్‌లో హైటెక్ సిటీకి: ఇంటి నుంచి విమానాశ్రయానికి అరగంట, కౌంటర్ గంట ముందే మూసేస్తారు కాబట్టి గంటన్నర ముందు చేరాలి, విమానం గంటంపావు, దిగి సామాను తీసుకోవడం ఇరవై నిమిషాలు, ఔటర్ మీదుగా గంట. మొత్తం నాలుగున్నర గంటలు. కారైతే ఏడు. రెండున్నర గంటలు మిగిలాయి, బాగానే ఉంది. కర్నూలు నుంచి అయితే హైదరాబాద్‌కి ఎవరూ విమానం గురించి ఆలోచించరు, రోడ్డు 215 కిలోమీటర్లే, నాలుగు గంటల్లో ఇల్లు చేరతారు. 2021 మార్చిలో ఓర్వకల్లు విమానాశ్రయం మొదలైనప్పుడు వేసిన సర్వీసులు బెంగళూరు, చెన్నై, విశాఖలకే, హైదరాబాద్‌కి కాదు, అందులో అర్థముంది. వాటిలో కూడా అసలు ఉపయోగం విశాఖదే, రోడ్డు మీద ఒక పగలంతా పోయే దూరం గంటన్నరకి దిగింది.

అనంతపురం సంగతి వేరే. జిల్లా కేంద్రానికి మామూలు ప్రయాణికుల విమానాశ్రయం లేదు, జనానికి దేవనహళ్ళిలో ఉన్న బెంగళూరు విమానాశ్రయమే దిక్కు. గీతలో 164 కిలోమీటర్లు, రోడ్డు మీద 180 అటూ ఇటూ. ఢిల్లీ పోవాలంటే తెల్లవారుజామున లేచి, రెండున్నర మూడు గంటలు దక్షిణానికి కారులో పోయి, అక్కడ ఉత్తరానికి పోయే విమానం ఎక్కాలి. ఎక్కిన ఇరవై నిమిషాలకి విమానం అనంతపురం చుట్టుపక్కలకే వచ్చేస్తుంది, ఆరోజు మబ్బు లేకపోతే, కిటికీ సీటు దొరికితే, కిందకి చూడొచ్చు.

తాడిపత్రిలో ఉన్నవాళ్ళది ఇంకా మంచి చిక్కు. తాడిపత్రి నుంచి కడప విమానాశ్రయానికి గీత 93 కిలోమీటర్లు, ఓర్వకల్లుకి 90. దేవనహళ్ళికి 192, అది పక్కన పెట్టేయొచ్చు. మిగిలిన రెండింటి మధ్య మూడు కిలోమీటర్ల తేడా, మ్యాపు చూసి ఎవరూ తేల్చలేరు. అక్కడ తేల్చేది ఆ వారంలో ఏ రోజు ఎక్కడి నుంచి విమానం ఉందన్నది, తిరిగొచ్చి దిగేసరికి రాత్రయితే ముద్దనూరు వైపు బస్సు దొరుకుతుందా, బనగానపల్లె వైపు దొరుకుతుందా అన్నది.